పాతికేళ్లకు మెట్రిక్, డెబ్బై ఏళ్లకు పుస్తకం: దుర్గాబాయి దేశ్‌ముఖ్



ముషీరాబాద్ నుంచి తార్నాక వైపు వెళ్లేవారికి విద్యానగర్‌లోని ఆంధ్ర మహిళా సభ ఆసుపత్రి కొత్తేమీ కాదు. అది దాటి కాస్త ముందుకెళ్తే ఉస్మానియా క్యాంపస్ వస్తుంది. అక్కడా ఆ సభ పేరుతో మహిళా కాలేజీ, టీచర్ ట్రైనింగ్ కాలేజీ కనిపిస్తాయి. వీటి వెనక ఉన్న దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు స్వాతంత్ర్య సమరయోధురాలని పిల్లల పాఠాల్లో ఉంటుంది. కానీ ఆవిడ మెట్రిక్ పాసయ్యేసరికి వయసు పాతికేళ్లకు అటూ ఇటూ అని చాలామందికి తెలియదు. ఈ నెల ఆవిడ గురించి రాయడానికి కారణం అదే.

దుర్గాబాయి గారు 1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. ఊహ తెలిశాక ఆ పెళ్లి తనకు వద్దని చెప్పేశారు, పుట్టింటివారు ఆవిడ పక్షాన నిలిచారు. పన్నెండేళ్ల ప్రాయంలో స్కూలు కూడా మానేశారు. ఇంగ్లీషులోనే చదవాలన్న పద్ధతి నచ్చక చేసిన నిరసన అది. ఇంగ్లీష్ మీడియం టీచర్‌గా నేను ఈ మాట రాయడం మీకు వింతగా అనిపించవచ్చు. కానీ ఆ పిల్ల చదువును వదల్లేదు. తను హిందీ నేర్చుకుని, రాజమండ్రిలో ఆడపిల్లల కోసం హిందీ పాఠశాల పెట్టి, తనకు వచ్చింది నలుగురికీ నేర్పింది. 1923 కాకినాడ కాంగ్రెస్ సభల్లో టికెట్ లేదని నెహ్రూ గారినే ఎగ్జిబిషన్ గేటు దగ్గర ఆపిన వాలంటీర్ ఆవిడే.

1930లో ఉప్పు సత్యాగ్రహం మొదలైనప్పటి నుంచి 1933 వరకు మూడుసార్లు జైలుకెళ్లారు. జైల్లో కొందరు ఆడవాళ్లు కోర్టులో తమ తరఫున ఏం చెప్పుకోవాలో తెలియక శిక్ష అనుభవిస్తుండడం ఆవిడను కదిలించింది. లా చదవాలనుకున్నారు. లా చదవాలంటే ముందు డిగ్రీ కావాలి. డిగ్రీకి మెట్రిక్ కావాలి. వీటన్నిటికీ ఒకప్పుడు కాదన్న ఇంగ్లీషు కావాలి.

తోటివాళ్లు పిల్లల్ని బడికి పంపే వయసులో ఆవిడ పుస్తకం పట్టుకుని మొదటినుంచి మొదలుపెట్టారు. బనారస్ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్ రాశారు, తర్వాత ఇంటర్ రాశారు. వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళా పరిషత్తులో బీఏ ఆనర్స్ చేయబోతే, ఆడపిల్లలకు హాస్టల్ లేదన్న సమస్య వచ్చింది. తనలాంటి అమ్మాయిలను పేపర్ ప్రకటన ద్వారా పోగుచేసి, హాస్టల్ ఏర్పాటు తామే చూసుకున్నారు. 1942లో మద్రాసులో లా పూర్తి చేశారు. అప్పటికి ముప్పై దాటాయి. మరో నాలుగేళ్లకు రాజ్యాంగ సభలో కూర్చున్నారు.

ఆవిడ తను పాసై ఊరుకోలేదు. చదువు సాగుతుండగానే, 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభను మొదలుపెట్టారు. అక్కడ చదువు ఆగిపోయిన స్త్రీలకు అదే బనారస్ మెట్రిక్‌కి కోచింగ్ ఇచ్చేవారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలయ్యారు. 1958లో ఆ బోర్డు దేశమంతటా స్త్రీల కోసం సంక్షిప్త విద్యా కోర్సులు ప్రారంభించింది. మధ్యలో బడి మానేసినవారిని రెండేళ్లలో పరీక్షకు సిద్ధం చేయడం వాటి ఉద్దేశం. ఊళ్లలో టీచర్లుగా, నర్సులుగా పనిచేయడానికి చదువుకున్న స్త్రీలు దొరకని రోజులవి.

భర్త సి.డి. దేశ్‌ముఖ్ గారు రిజర్వ్ బ్యాంక్‌కు తొలి భారతీయ గవర్నర్. 1967లో ఆయన ఢిల్లీ విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్‌గా పదవీకాలం ముగించాక ఇద్దరూ హైదరాబాద్‌లో స్థిరపడ్డారు. మామూలుగా అది విశ్రాంతి తీసుకునే వయసు. ఆవిడ మాత్రం ఉస్మానియా క్యాంపస్ దగ్గర మహిళా సభ విద్యాసంస్థలను పెంచే పనిలో పడ్డారు. అక్కడి లిటరసీ హౌస్ పని వయోజన విద్య. పెద్దవాళ్లకు పిల్లల వాచకం పెడితే చిన్నతనంగా ఉంటుంది. వాళ్లకు ధరలు, పంటలు, జబ్బులు, లెక్కలు ముందే తెలుసు, తెలియనిది అక్షరమే. వాళ్లకు నేర్పే పద్ధతి, పుస్తకాలు వేరుగా ఉండాలి. 1975లో భార్యాభర్తలిద్దరికీ పద్మవిభూషణ్ వచ్చింది. 1980లో చింతామన్ అండ్ ఐ అనే ఆత్మకథ వెలువడింది. ఇంగ్లీషు వద్దని బడి మానేసిన అమ్మాయి డెబ్బై ఏళ్లకు ఇంగ్లీషులో రాసిన పుస్తకం అది. 1981 మే 9న ఆవిడ కన్నుమూశారు.

వయసు మీదపడితే బుర్రకు ఎక్కదని మనం తేలిగ్గా అనేస్తాం. వృద్ధాప్యాన్ని అధ్యయనం చేసే జెరంటాలజీ అలా చెప్పదు. వేగం తగ్గుతుంది, కొత్త పేర్లు గుర్తుండడానికి ఇంకోసారి చదవాల్సి వస్తుంది. కానీ మాటల సంపద, అనుభవంతో అర్థం చేసుకునే శక్తి చాలాకాలం నిలుస్తాయి. నేర్చుకోవడం పెద్ద వయసులోనూ కుదురుతుంది.

పేరెంట్స్ మీటింగ్‌లో కొందరు అమ్మలు ప్రోగ్రెస్ కార్డు చూడకుండానే సంతకం చేసి, తమకు అంత చదువు లేదని నవ్వేసి వెళ్తారు. బస్సు దగ్గర పిల్లల కోసం నిలబడే నానమ్మలు, అమ్మమ్మలు డైరీని మనవడి చేతే చదివించుకుంటారు. పిల్లలు ఇవన్నీ చూస్తూనే ఉంటారు. చదువంటే చిన్నప్పుడు తప్పక చేసి, తర్వాత మానేసే పని అన్నది వాళ్లు అక్కడే నేర్చుకుంటారు.

వేసవిలో మా టీచర్లు చాలామంది పై చదువుల పుస్తకాలు తీస్తారు. మీ ఇంట్లోనూ ఈ వేసవిలో ఒకరు మొదలుపెట్టవచ్చు. తెలంగాణ ఓపెన్ స్కూల్‌లో పదో తరగతికి 14 ఏళ్లు నిండితే చాలు, గరిష్ఠ వయసు పరిమితి లేదు. డిగ్రీకి 1982లో మొదలైన అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది. పరీక్ష వద్దనుకుంటే రోజుకు అరగంట తెలుగు పేపర్ చదవడమైనా చాలు. పిల్లల హాలిడే హోంవర్క్ జరిగే టేబుల్ దగ్గరే ఇంకో కుర్చీ వేయండి. నానమ్మకు అక్షరాలు దిద్దించే పని పిల్లలకే అప్పగించండి. జూన్‌లో బడి తెరిచాక ఆ కబుర్లు వాళ్ల నోటనే వింటాం.