ఏడు రంగుల ఆటగాడు

ఒక ఆటలో ఖ్యాతి గడించినవానిని లోకం ఆ ఆట పేరుతోనే గుర్తుంచుకొంటుంది. సయ్యద్ మహమ్మద్ హాదీని ఏ ఆట పేరుతో పిలవాలో లోకానికి తోచలేదు. టెన్నిసు, క్రికెట్టు, హాకీ, ఫుట్‌బాలు, పోలో, టేబుల్ టెన్నిసు, చదరంగం - ఈ ఏడింటిలోనూ ఆరితేరిన ఆయనకు ఇంద్రధనుస్సు పేరే తగినదనుకొన్నారు. ఆ విధంగా ఆయన రెయిన్‌బో హాదీ అయినాడు.

హాదీ 1899లో హైదరాబాదులో జన్మించాడు. తండ్రి సైన్యంలో కెప్టెను, పేరుపడిన ఆశ్వికుడు. బిడ్డకు రెండేండ్లయినా నిండీనిండకముందే ఆయన మరణించాడు. తండ్రిలేని ఆ పసివాడు ఒకప్పటి దివాను ఆస్మాన్ జా కుటుంబం నీడలో, నవాబు మొయినుద్దౌలా సాహచర్యంలో పెరిగాడు. ఆ దేవిడీలో గుర్రాలున్నాయి, ఆటస్థలాలున్నాయి, ఆడించే పెద్దలున్నారు. పరుల ఇంట పెరిగిన బాలునికి ఆటయే స్వంత ఆస్తి అయింది.

పిమ్మట కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో చదువుతూ టెన్నిసులో పేరు తెచ్చుకొన్నాడు. వింబుల్డన్ పచ్చికపై ఆడాడు. 1924, 1925 సంవత్సరాలలో డేవిస్ కప్పు పోటీలలో భారతదేశం పక్షాన నిలిచాడు. 1924 పారిస్ ఒలింపిక్కులకు వెళ్ళిన మన టెన్నిసు జట్టులోనూ ఆయన ఉన్నాడు.

ఆనాటి టెన్నిసు జీవనోపాధి కాదు. వింబుల్డన్‌లో గెలిచినవానికి ధన బహుమానం ముట్టింది 1968 నుండి మాత్రమే. అంతవరకు డబ్బుకు ఆడేవారికి అక్కడ ప్రవేశం లేదు. కనుక ఆట కలవారి సొత్తుగాను, కలవారి ఆశ్రయం దొరికినవారి భాగ్యంగాను ఉండిపోయింది. హాదీ ప్రతిభ ఆయనదే. కాని ఆ ప్రతిభ మొలకెత్తడానికి ఒక దేవిడీ వాకిలి తెరచుకోవలసి వచ్చింది. అట్టి వాకిలి తెరచుకోని బాలురు నగరంలో వేలమంది ఉండేవారు.

ముప్పదియైదవ ఏట ఆయన పేరు క్రికెట్టు చరిత్రలో శాశ్వతంగా చేరింది. 1934-35లో రంజీ ట్రోఫీ ప్రారంభమైంది. మద్రాసు జట్టుపై హైదరాబాదు తరపున ఆడి, అవుటు కాకుండా 132 పరుగులు చేశాడు. ఆ పోటీలలో నమోదైన మొట్టమొదటి శతకం అదే. 1936లో విజయనగరం మహారాజకుమారుని నాయకత్వంలో ఇంగ్లండుకు వెళ్ళిన జట్టుతో ఆయన కూడా వెళ్ళాడు.

ఇన్ని గెలుపులకంటె మిన్నగా చెప్పదగిన పని వేరొకటి ఉంది. 1939లో హైదరాబాదు ఫుట్‌బాలు సంఘం ఏర్పడినప్పుడు దానికి అండగా నిలిచినవారిలో హాదీ ముఖ్యుడు. ఫుట్‌బాలుకు పచ్చిక పరచిన కోర్టు అక్కరలేదు, గుర్రం అక్కరలేదు. ఇరువదిమందికి ఒక్క బంతి చాలు. ఆ సంఘానికి తరువాత కార్యదర్శియై, జీవితమంతా ధారపోసిన ఉపాధ్యాయుడు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన తీర్చిదిద్దిన జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్కులలో నాల్గవ స్థానం పొందింది. ఆ జట్టులో ఆడిన తులసీదాస్ బలరాం సికిందరాబాదు శివారు అమ్ముగూడలోని పేదయింట పుట్టినవాడు. అతనికి ఏ నవాబు ఆశ్రయమూ లేదు. కాని అతడు ఎదిగివచ్చేనాటికి నగరంలో ఒక సంఘం, ఒక గురువు సిద్ధంగా ఉన్నారు.

హాదీ 1971లో కన్నుమూశాడు. నారాయణగూడ నుండి హిమాయత్‌నగర్ మీదుగా బషీర్‌బాగ్ దాటితే ఫతే మైదానం వస్తుంది. 1967 నుండి అది లాల్ బహదూర్ స్టేడియం. ఈనాడు చిక్కడపల్లి గ్రంథాలయంలో, అశోక్‌నగర్ శిక్షణ కేంద్రాలలో వేలాది యువకులు ఉద్యోగ పరీక్ష ఒక్కదానికే యౌవనాన్ని అంకితం చేస్తున్నారు. వారిని తప్పుపట్టరాదు, బ్రతుకుతెరువు అటువంటిది. అయితే సాయంకాలం ఒక గంటసేపు బంతి వెంట పరుగెత్తే హక్కు దేవిడీ బిడ్డకెంతో, వారికీ అంతే ఉన్నది. హాదీ జీవితం ఆ హక్కుకు సాక్ష్యం.