పంతులు పెట్టిన పరీక్ష

బంతిని కాలికి అంటించుకొని నలుగురిని తప్పించుకొనిపోవు బాలుడే ఒకనాటి ప్రేక్షకులకు మేటి ఆటగాడు. హైదరాబాదులో బడిపంతులుగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం (1909–1963) ఆ కొలతను అంగీకరింపలేదు. బంతిని తన కడ నిలుపుకొనరాదను నియమముతో ఒక పోటీని, వాటముకాని కాలితోనే తన్నవలెనను నియమముతో మరియొక పోటీని ఏర్పరచెను. అందు బాలుని బుద్ధియు, లోపమును ఒక్కమారే బయటపడెడివి. పంతులు పెట్టిన పరీక్ష గదా!

ఆయన శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు ఏటేట రోవర్స్ కప్పు గెలిచెను. సికిందరాబాదు చెంత అమ్ముగూడ వాడైన తులసీదాస్ బలరాంలోని ప్రతిభను ఆయన కనిపెట్టెను. సాధనకు వచ్చిపోవుటకు ఆ పేదబాలునికడ సైకిలు అద్దె సైతము లేదు; రహీమే ఇచ్చెను. ప్రతిభను గుర్తించుట వేరు, దానిని మైదానమునకు చేర్చుట వేరు. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్సున నాలుగవ స్థానము పొందిన భారత జట్టులో బలరాం ఆడెను.

1962లో జకార్తా ఆసియా క్రీడలనాటికి రహీమును కాన్సరు లోలోపల తినివేయుచుండెను. తలకు గాయమై కుట్లు పడిన రక్షకుడు జర్నైల్ సింగును ఆయన విడిచిపెట్టక, ముందువరుసకు మార్చెను. అంత్యపోటీలో దక్షిణ కొరియాపై భారతదేశము 2–1తో గెలిచెను. అందొక గోలు జర్నైలుదే. 1963 జూన్ 11న రహీం కన్నుమూసెను. అప్పటికి ఆయన వయస్సు 53 ఏండ్లు.