అంబులెన్సుకి దారి వేసిన డాక్టరు

అమెరికా తూర్పు తీరంలో వుండి, పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడికి ఒక్కసారైనా వెళ్ళని తెలుగువాళ్ళు అరుదేమో. మేమూ ఏడాదికోసారి న్యూజెర్సీ నుంచి తెల్లవారుజామున బయల్దేరి వెళ్తుంటాం. కిందటిసారి దర్శనం అయ్యాక, గుడిలో పులిహోర తిని, ఇంటిదారి పట్టకుండా కారుని నైరుతి వైపు తిప్పాను. ఎక్కడికని మా ఆవిడ అడిగింది. కానన్స్‌బర్గ్ అన్నాను. అక్కడేముందని అడిగింది. నిజం చెప్పాలంటే చూడటానికి పెద్దగా ఏమీ లేదు. చిన్న వూరు. 1824 డిసెంబరు 11న జోనథన్ లెటర్‌మన్ అనే డాక్టరు పుట్టిన వూరు, అంతే.

ఆ పేరు మీద నాకెందుకంత ఆసక్తో ముందు చెప్పాలి. పగలు నాది మనలో చాలామందికి వున్నలాంటి కంప్యూటర్ వుద్యోగమే. వారానికి ఒక రాత్రి మాత్రం మా టౌన్‌షిప్ వాలంటీర్ అంబులెన్స్ స్క్వాడ్‌లో పనిచేస్తాను. నేను పారామెడిక్‌ని కాను, అంతకంటే కింది మెట్టు, ఇ.ఎమ్.టి.ని. ఆక్సిజన్ పెట్టడం, రక్తం ఆపడం, సి.పి.ఆర్. చెయ్యడం, జాగ్రత్తగా స్ట్రెచర్ మీదకి చేర్చడం మా పని. సెలైన్లు, గుండెకి మందులు, గొంతులో గొట్టం వెయ్యడం పారామెడిక్‌ల పని. న్యూజెర్సీలో వాళ్ళు ఆసుపత్రి నుంచి వేరే బండిలో వస్తారు.

ఒక రాత్రి మేం వెళ్ళిన ఇల్లు తెలుగువాళ్ళది. ఇండియా నుంచి కొడుకుని చూడటానికొచ్చిన పెద్దాయన వంటింట్లో పడిపోయి వున్నారు. ఛాతీ మీద నొక్కుతున్నంతసేపూ ఆయన భార్య నన్ను బాబూ బాబూ అని పిలుస్తూనే వున్నారు. ఆయన బతకలేదు. తర్వాత రెండు వారాలు నాకు సరిగ్గా నిద్ర లేదు, అన్నం ముందు కూర్చుంటే ఆ పిలుపే వినిపించేది. మా స్క్వాడ్‌లో ముప్ఫై ఏళ్ళుగా వున్న ఒక పెద్దమనిషి నన్ను కూర్చోబెట్టి, కొన్నాళ్ళు డ్యూటీకి రావద్దని, వేళకి తిని పడుకోమని, ఎవరితోనైనా మాట్లాడమని చెప్పాడు. ఈ మాత్రం దానికి సలహా కావాలా అని అప్పుడు కొంచెం చిరాకు పడ్డాను కూడా. ఆ ఖాళీ రాత్రుల్లోనే లెటర్‌మన్ గురించి చదవడం మొదలుపెట్టాను. ట్రైనింగు క్లాసులో ఆయన గురించి ఒకే ఒక్క వాక్యం చెప్పి వదిలేశారు.

లెటర్‌మన్ తండ్రీ డాక్టరే. ఫిలడెల్ఫియాలోని జెఫర్సన్ మెడికల్ కాలేజీలో చదువు ముగించి, 1849లో సైన్యంలో అసిస్టెంట్ సర్జన్‌గా చేరారు. ఫ్లోరిడా, మిన్నెసోటా, న్యూ మెక్సికో, కాలిఫోర్నియా, ఇలా ఎక్కడో మూలనున్న కోటల్లో పన్నెండేళ్ళు గడిచిపోయాయి. అంతర్యుద్ధం రాకపోతే ఆయన పేరు ఎవరికీ తెలిసేది కాదు.

ఆ యుద్ధం మొదట్లో అంబులెన్సులు లేవని కాదు. బళ్ళు వున్నాయి. అవి సామాను సరఫరా చేసే క్వార్టర్‌మాస్టర్ శాఖ చేతిలో వుండేవి. తోలేవాళ్ళు కూలికి కుదిరిన మామూలు మనుషులు. ఎవరికి అవసరమైతే వాళ్ళు ఆ బళ్ళలో సామాన్లు వేసుకునేవాళ్ళు. స్ట్రెచర్లు మొయ్యడానికి బ్యాండు వాయించేవాళ్ళని పంపేవాళ్ళు. 1861 జూలైలో బుల్ రన్ యుద్ధంలో తుపాకులు పేలగానే బళ్ళవాళ్ళు చాలామంది పారిపోయారు. గాయపడ్డవాళ్ళు ఎందరో పాతిక మైళ్ళ పైన నడుచుకుంటూ వాషింగ్టన్ చేరారు. ఏడాది తర్వాత అదేచోట జరిగిన రెండో యుద్ధంలో, వారం గడిచినా ఇంకా పొలాల్లోనే పడివున్నవాళ్ళు వున్నారు.

1862 జూలై మొదట్లో లెటర్‌మన్ వర్జీనియాలో హ్యారిసన్స్ ల్యాండింగ్ అనేచోట పొటోమాక్ సైన్యానికి మెడికల్ డైరెక్టరుగా చేరారు. అప్పటికి ఆయన వయసు ముప్ఫై ఏడు. పేరున్న సంస్కర్త కదా, వస్తూనే బళ్ళ సంగతి చూసి వుంటారని నేననుకున్నాను. కాదు. ముందు చూసింది కూరగాయల సంగతి! సైనికులు విరేచనాలతో, జ్వరాలతో, తాజా తిండి లేక వచ్చే స్కర్వీతో కుళ్ళిపోతున్నారు. బంగాళాదుంపలు, ఉల్లిపాయలు వెంటనే తెప్పించమని పట్టుబట్టారు. బావులు తవ్వించమన్నారు. గుడారాల చోటు మార్చమన్నారు. వారానికోసారైనా స్నానం చేయించమన్నారు. ఎండలో కవాతు మానిపించి, నిద్రకి సమయం ఇవ్వమని జనరల్ మెక్‌క్లెలన్‌కి రాశారు. మనింట్లో పెద్దవాళ్ళు చెప్పే మాటల్లాగే వుంటాయి ఇవన్నీ. అలిసిపోయి, కడుపు ఖాళీగా వున్న మనిషి చేతిలో ఎంత మంచి పనిముట్టు పెట్టినా ప్రయోజనం లేదని ఆయనకి తెలుసు. ఇక్కడికొచ్చేసరికి నాకు మా స్క్వాడ్ పెద్దమనిషి గుర్తొచ్చి కొంచెం సిగ్గేసింది.

బళ్ళ వంతు ఆగస్టు 2న వచ్చింది. ఆ రోజు వెలువడిన ఉత్తర్వుతో అంబులెన్స్ దళం అనేది పుట్టింది. దానికి కెప్టెన్లు, లెఫ్టినెంట్లు, సార్జెంట్లు వున్నారు. బండికో చోదకుడు, మోసేవాళ్ళు ఇద్దరు. స్ట్రెచర్ ఎత్తడం, దించడం, కుదుపు లేకుండా నడవడం రోజూ సాధన చేయించేవాళ్ళు. గుర్రాల్ని, జీనుల్ని, నీళ్ళ పీపాల్ని తనిఖీ చేసేవాళ్ళు. గుర్తు కోసం వాళ్ళ టోపీలకి ఆకుపచ్చ పట్టీ వుండేది. యుద్ధభూమి నుంచి క్షతగాత్రుల్ని తేవడం ఇక వాళ్ళ పని మాత్రమే. స్నేహితుణ్ణి మోసే వంకతో మిగతావాళ్ళు వరస వదిలి వెనక్కి రావడానికి లేదు. ఆ బండిలో రోగులు తప్ప మూట కూడా ఎక్కకూడదు. నేను ఇప్పటికీ డ్యూటీ ఎక్కగానే ఆక్సిజన్ సిలిండరులో ఎంతుందో, సక్షన్ మెషిన్ పనిచేస్తోందో లేదో చూసి కాగితం మీద సంతకం పెడతాను. ఆ తనిఖీకి మూలం ఎంత పాతదో అంతవరకూ నాకు తెలియదు.

పరీక్ష ఆరు వారాల్లోనే వచ్చింది. సెప్టెంబరు 17న మేరీల్యాండ్‌లో యాంటీటమ్ దగ్గర ఒక్క రోజులో రెండు పక్షాలూ కలిపి దాదాపు 23,000 మంది చనిపోవడమో, గాయపడడమో, కనిపించకుండా పోవడమో జరిగింది. అమెరికా చరిత్రలో అంత రక్తం పారిన రోజు ఇంకోటి లేదు. కొత్త దళం తనకి అందుబాటులో వున్న చోటల్లా మర్నాటికి క్షతగాత్రుల్ని ఆసుపత్రులకి చేర్చేసింది.

ఆ అక్టోబరులో ఆయన ఇంకో రెండు మార్పులు తెచ్చారు. మందుల సరఫరాని సరిచేశారు. డివిజన్‌కో ఫీల్డ్ ఆసుపత్రి పెట్టి, అందులో శస్త్రచికిత్స ఎవరు చెయ్యాలనేది హోదాని బట్టి కాక చేతి పనితనాన్ని బట్టి నిర్ణయించమన్నారు. సైన్యంలో ఈ మాట అనడానికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి. పై అధికారిని పక్కన నిలబెట్టి కింది డాక్టరు చేతికి కత్తి ఇవ్వమనడం! ఆ తర్వాత వరస కూడా ఆయన ఏర్పరిచిందే. గాయపడ్డచోటికి దగ్గర్లో కట్టు కట్టే స్టేషను, కాస్త వెనక ఫీల్డ్ ఆసుపత్రి, దూరంగా పెద్ద ఆసుపత్రి. ఇవాళ హైవే మీద ప్రమాదం జరిగితే ఇంచుమించు ఇదే వరసలో ట్రామా సెంటరుకి చేరుస్తాం.

అన్నీ ఆయన అనుకున్నట్టు జరగలేదు. 1863 జూలైలో గెటిస్‌బర్గ్ దగ్గర జనరల్ మీడ్ సామాన్ల బళ్ళని చాలా వెనక్కి పంపించేశారు. అంబులెన్సులు వున్నాయి, మనుషుల్ని త్వరగానే తెచ్చారు. కానీ గుడారాలు, తిండి, మందుసామాను సమయానికి చాలలేదు. ఇరవై వేల పైచిలుకు క్షతగాత్రులు. సైన్యం ముందుకి కదిలిపోతుంటే ఆయన నూటికి కాస్త పైగా డాక్టర్లని మాత్రమే అక్కడ వుంచగలిగారు. తర్వాత అక్కడ వెలిసిన పెద్ద గుడారాల ఆసుపత్రికి క్యాంప్ లెటర్‌మన్ అని పేరు పెట్టారు.

ఈ పద్ధతి చాలాకాలం అన్ని సైన్యాలకీ అమలు కాలేదు. దేశమంతటికీ చట్టం చెయ్యడానికి వాషింగ్టన్ పెద్దలు ఒప్పుకోలేదు. 1863 మార్చిలో బోస్టన్ డాక్టరు హెన్రీ బౌడిచ్ కొడుకు, లెఫ్టినెంట్ నథానియెల్, కెల్లీస్ ఫోర్డ్ దగ్గర గాయపడ్డాడు. అంబులెన్సు లేక నేల మీద పడివుండి, మర్నాడు చనిపోయాడు. ఆ తండ్రి తన దుఃఖాన్ని పట్టుకుని వూరూరా, పత్రికల్లో, చట్టసభ ముందు పోరాడాడు. 1864 మార్చి 11న చట్టం వచ్చింది. ఆ అనుభవంతోనే, సైన్యంలో సర్జన్‌గా పనిచేసి వచ్చిన డాక్టర్ ఎడ్వర్డ్ డాల్టన్ 1869లో న్యూయార్క్ బెల్‌వ్యూ ఆసుపత్రిలో నగరం కోసం అంబులెన్సులు మొదలుపెట్టారు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన మన 108 కూడా ఇదే బాటలో చాలా దూరం నడిచి వచ్చిందే.

చట్టం వచ్చేనాటికి లెటర్‌మన్ ఆ పదవిలో లేరు. అలిసిపోయి, 1864 జనవరిలో తనే అడిగి తప్పుకున్నారు. యాంటీటమ్ తర్వాత పరిచయమైన మేరీ లీని అంతకు కొద్దినెలల ముందే పెళ్ళి చేసుకున్నారు. ఆ డిసెంబరులో సైన్యానికే రాజీనామా ఇచ్చి కాలిఫోర్నియా వెళ్ళారు. నూనె బావుల వ్యాపారంలో పనిచేశారు, అది కలిసిరాలేదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ప్రాక్టీసు పెట్టారు. 1866లో తన యుద్ధ జ్ఞాపకాలు పుస్తకంగా వేశారు. తర్వాత నగర కరోనరుగా ఎన్నికయ్యారు. బతికించడానికి అన్ని దారులు వేసిన మనిషి చివరికి చనిపోయినవాళ్ళ కారణాలు రాసే పనిలో పడ్డారు.

1867లో మేరీ చనిపోయింది. ఇద్దరు చిన్న ఆడపిల్లలు. అక్కడినుంచి ఆయన కోలుకోలేదు. ఆరోగ్యం, మనసు రెండూ దెబ్బతిన్నాయి. లక్షమంది సైనికుల నిద్ర గురించి, తిండి గురించి ఉత్తర్వులు రాసిన ఆయన్ని కూర్చోబెట్టి, నువ్వు తిన్నావా, పడుకున్నావా అని అడిగేందుకు ఎవరైనా వున్నారో లేదో. 1872 మార్చి 15న పోయారు. నలభై ఏడేళ్ళు.

శాన్‌ఫ్రాన్సిస్కో ప్రెసిడియోలోని సైనిక ఆసుపత్రికి 1911లో ఆయన పేరు పెట్టారు. ఆ ఆసుపత్రి ఇప్పుడు లేదు. ఆ స్థలంలో 2005లో తెరిచిన లెటర్‌మన్ డిజిటల్ ఆర్ట్స్ సెంటర్‌లో స్టార్ వార్స్ సినిమాల కంపెనీ వుంది. బే ఏరియా మిత్రులు పిల్లల్ని తీసుకెళ్ళి ముందున్న యోడా బొమ్మ దగ్గర ఫొటోలు దిగుతుంటారు. 1906లో ఆయన అస్థికల్ని ఆర్లింగ్టన్‌కి తెచ్చి భార్య పక్కనే వుంచారు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని వాషింగ్టన్ తీసుకెళ్ళినప్పుడు మనం అక్కడ కెనెడీ సమాధి చూసి తిరిగొచ్చేస్తాం. నేనూ రెండుసార్లు అలాగే వచ్చేశాను. ఈ వేసవిలో మా అత్తగారు, మామగారు వస్తున్నారు. ఈసారి లెటర్‌మన్ సమాధి ఎక్కడుందో ముందే చూసిపెట్టుకున్నాను.