వెండితెర కంచుకంఠం - కన్నాంబ

విజయవాడ నుండి ఏలూరుకు పోయే జాతీయ రహదారి మీద హనుమాన్ జంక్షన్ అనే పెద్ద కూడలి ఉన్నది. అక్కడి నుండి ఒక దారి గుడివాడకు, మరొక దారి నూజివీడుకు పోతాయి. ఈ కూడలి చుట్టుపట్ల ఉన్న నేల వరిపంటకే కాదు, కళలకు కూడా పుట్టినిల్లు. అక్కినేని నాగేశ్వరరావు పుట్టిన రామాపురం, ఘంటసాల పుట్టిన చౌటపల్లి గుడివాడ ప్రాంతంలోనివి. దర్శకుడు ఎల్.వి. ప్రసాద్ పుట్టిన సోమవరప్పాడు ఏలూరుకు సమీప గ్రామం. ఆ ఏలూరులోనే పెరిగి, తెలుగు, తమిళ చిత్రసీమలలో సుమారు ముప్పై ఏళ్ళపాటు వెలుగొందిన మహానటి పసుపులేటి కన్నాంబ.

కన్నాంబ 1911లో కడపలో జన్మించింది. తల్లి లోకాంబ, తండ్రి వెంకటనరసయ్య. ఆమె బాల్యమంతా ఏలూరులో మాతామహుల ఇంట గడిచింది. తాతగారైన నాదముని నాయుడు వైద్యవృత్తిలో ఉన్నవాడు. మనుమరాలి గొంతులోని మాధుర్యాన్ని గుర్తించి ఆమెకు సంగీతం నేర్పించాడు. ఆ విద్యే తరువాతి కాలంలో ఆమెకు తరగని ఆస్తి అయింది.

ఆనాటి రంగస్థలం నేటివంటిది కాదు. స్త్రీ పాత్రలను ఎక్కువగా పురుషులే ధరించేవారు. బాపట్లకు చెందిన స్థానం నరసింహారావు స్త్రీ పాత్రలతోనే దేశఖ్యాతి గడించాడు. మర్యాద గల కుటుంబాల స్త్రీలు నాటకమాడడం తప్పని సమాజం తలచే రోజులవి. అటువంటి కాలంలో కన్నాంబ రంగస్థలం మీద కాలు పెట్టింది. ఆమె నాటకప్రవేశం గురించి ఒక ముచ్చట చెబుతారు. ఏలూరులో హరిశ్చంద్ర నాటకం జరుగుతున్నది. లోహితుడు మరణించిన ఘట్టంలో చంద్రమతి వేషధారి పాట రక్తి కట్టలేదు. ప్రేక్షకులలో కూర్చున్న బాలిక కన్నాంబ ఆ లోపాన్ని సహించలేక గట్టిగా ఆక్షేపించింది. చేతనైతే నువ్వే పాడమని నిర్వాహకులు సవాలు చేశారు. ఆమె వెనుకాడకుండా వేదిక ఎక్కి చంద్రమతి శోకాన్ని ఆలపించి ప్రేక్షకులను కంటతడి పెట్టించింది. ఆనాటి నుండి నాటక సమాజాలు ఆమెను ఆహ్వానించసాగాయి.

నాటకరంగంలో పరిచయమైన కడారు నాగభూషణం ఆమెకు భర్త అయ్యాడు. ఆయన నటుడు, నిర్వాహకుడు, తరువాత దర్శకుడు. దంపతులిద్దరూ కలిసి రాజరాజేశ్వరీ నాట్యమండలి పేరుతో ఊరూరా నాటకాలు ప్రదర్శించారు.

1932లో తెలుగు చలనచిత్రం మాట నేర్చింది. మాటలు, పాటలు వచ్చిన నటులకు చిత్రాలలో అవకాశాలు లభించాయి. 1935లో పి. పుల్లయ్య దర్శకత్వంలో కొల్హాపూరులో నిర్మించిన హరిశ్చంద్ర చిత్రంలో అద్దంకి శ్రీరామమూర్తి సరసన కన్నాంబ చంద్రమతిగా నటించింది. తనను రంగస్థలానికి పరిచయం చేసిన పాత్రే వెండితెరకు కూడా పరిచయం చేయడం విశేషం. ఆ రోజులలో నేపథ్యగానం లేదు. కెమెరా ముందు నటిస్తూనే నటులు తమ పాట తామే పాడుకోవాలి. నాటకానుభవం గల కన్నాంబకు ఆ పని కష్టం కాలేదు.

1936లో ద్రౌపది కథతో రెండు తెలుగు చిత్రాలు పోటీపడ్డాయి. వాటిలో ద్రౌపదీ మానసంరక్షణంలో బళ్ళారి రాఘవ వంటి ఉద్దండుడు నటించాడు. అయినా కన్నాంబ ద్రౌపదిగా నటించిన ద్రౌపదీ వస్త్రాపహరణమే విజయం సాధించింది. 1938లో హెచ్.ఎం. రెడ్డి తీసిన గృహలక్ష్మిలో భర్త నిరాదరణకు గురైన ఇల్లాలుగా ఆమె ప్రేక్షకుల హృదయాలను కరిగించింది. చిత్తూరు నాగయ్యకు అది తొలి చిత్రం. 1940లో వచ్చిన చండికలో ఆమె బళ్ళారి రాఘవతోనే కలిసి నటించింది.

కన్నాంబ ప్రతిభ తెలుగునాటికే పరిమితం కాలేదు. తమిళ చిత్రాలలో నటించే అవకాశం వచ్చినప్పుడు ఆమెకు ఆ భాష రాదు. సంభాషణలను తెలుగు లిపిలో రాయించుకొని కంఠస్థం చేసిందని చెబుతారు. క్రమంగా ఆ భాషను స్వాధీనం చేసుకొన్నది. 1942లో వచ్చిన కణ్ణగి చిత్రంలో, నిరపరాధి అయిన భర్తను చంపించిన పాండ్యరాజును నిండుసభలో నిలదీసిన కణ్ణగిగా ఆమె తమిళులను ముగ్ధులను చేసింది. తమిళ మహాకావ్య నాయికగా ఒక తెలుగు నటి వారి మన్ననలందుకోవడం సామాన్య విషయం కాదు.

కాలం మారింది. నేపథ్యగానం రావడంతో నటులు పాడవలసిన అవసరం తగ్గింది. పాటే బలంగా నిలిచిన నటీనటులు పలువురు తెరమరుగయ్యారు. వయసు పెరిగేకొద్దీ కథానాయిక పాత్రలు కూడా దూరమవుతాయి. ఈ రెండు కష్టాలూ కన్నాంబకు ఎదురయ్యాయి. ఆమె నిరుత్సాహపడలేదు. పాటకు అలవాటుపడిన గొంతును మాటకు మలచుకొన్నది. యౌవనం దాటగానే తల్లి పాత్రలను సంతోషంగా స్వీకరించింది. 1947లో విడుదలైన పల్నాటి యుద్ధంలో ఆమె నాయకురాలు నాగమ్మ. దర్శకుడు గూడవల్లి రామబ్రహ్మం మధ్యలోనే మరణించగా, ఆ చిత్రాన్ని ఎల్.వి. ప్రసాద్ పూర్తి చేశాడు. ఆ ప్రసాదే 1954లో మనోహర చిత్రానికి దర్శకత్వం వహించాడు. ఎన్నో అవమానాలను సహించి, చివరకు కుమారుణ్ణి ప్రతిజ్ఞ నుండి విడిపించి అధర్మం మీదికి పురికొల్పే రాణిగా కన్నాంబ పలికిన తీరు తమిళనాట చిరకాలం నిలిచిపోయింది. ఆ కుమారుడుగా నటించినవాడు శివాజీ గణేశన్.

1957లో వచ్చిన తోడికోడళ్ళు చిత్రంలో ఆమె ఉమ్మడి కుటుంబపు పెద్దకోడలు అన్నపూర్ణ. ఒకే ఇంటిలోని కోడళ్ళ మధ్య పొరపొచ్చాలు, ఆప్యాయతలు ఆ చిత్రానికి ప్రాణం. నేడు టీవీ ధారావాహికలు ప్రతిదినం ఇంటింటికీ తెచ్చే కథావస్తువు ఇటువంటిదే. లవకుశ చిత్రంలో ఆమె కౌసల్య. చంద్రమతిగా ఆరంభించి కౌసల్య వరకు సాగిన ఆమె ప్రయాణంలో వేషాలు మారాయే కాని నిష్ఠ మారలేదు.

కన్నాంబ నటి మాత్రమే కాదు, నిర్మాత కూడా. భర్తతో కలిసి శ్రీ రాజరాజేశ్వరీ ఫిలిం కంపెనీని స్థాపించి తల్లిప్రేమ మొదలుకొని సౌదామిని, సతీ సక్కుబాయి, దక్షయజ్ఞం వంటి అనేక చిత్రాలను నిర్మించింది. నేడు లాభం, రేపు నష్టం అన్నట్లుండే చిత్రపరిశ్రమలో పనివారికి సకాలంలో జీతం అందడం అరుదు. అయితే ఆమె సంస్థలో ప్రతినెలా మొదటి తేదీననే జీతాలు ఇచ్చేవారని ప్రతీతి. తెరమీద అమ్మగా నటించిన ఆమె తన దగ్గర పనిచేసేవారిని కూడా అమ్మవలెనే ఆదరించింది.

1964 మే 7న కన్నాంబ మద్రాసులో కన్నుమూసింది. అప్పటికి ఆమె వయసు యాభై రెండేళ్ళు. చివరి దాకా ఆమె నటనకు దూరం కాలేదు. పుట్టుకతో వచ్చిన ప్రతిభ ఒక్కటే మనిషిని చిరకాలం నిలపలేదు. మారే కాలాన్ని గ్రహించి, తనను తాను మలచుకొని, కొత్త విద్యను నేర్చుకొనే ఓపిక కూడా ఉండాలి. పాటతో వేదికనెక్కి, మాటతో వెండితెరను ఏలిన కన్నాంబ జీవితం అందుకు చక్కని నిదర్శనం.