పన్నెండు ఊటలు: హజ్రత్ మూసా (అ) జీవితం

దివ్య ఖుర్ఆన్‌లో ప్రవక్తలందరికన్నా ఎక్కువసార్లు పేరు వచ్చింది హజ్రత్ మూసా (అలైహిస్సలాం)కే. ఆ పేరు 136 సార్లు వచ్చిందని పండితులు లెక్క చెబుతారు. ఇన్నిసార్లు చెప్పింది ఆయన జాతిని మనం ఎగతాళి చేయడానికి కాదు. సత్యాన్ని అనుసరించి నడిచిన వర్గం వారిలోనూ ఉందని ఖుర్ఆనే సాక్ష్యమిస్తోంది. వారికి పట్టిన జబ్బు ఈ ఉమ్మత్‌కు కూడా పట్టవచ్చు గనుకనే అన్నిసార్లు హెచ్చరిక.

ఇస్రాయీల్ సంతతి మగబిడ్డలను ఫిరౌన్ చంపిస్తున్న రోజుల్లో ఆయన పుట్టారు. బిడ్డను పెట్టెలో పెట్టి నదిలో వదలమని అల్లాహ్ ఆ తల్లి మనసులో వేశాడు. ఏ తల్లికైనా చేయి ఆడుతుందా? ఆమె వదిలింది. బిడ్డ శత్రువు ఇంటికే చేరాడు, పాలు తాగడానికి మళ్ళీ ఆ తల్లి ఒడికే వచ్చాడు. ఆమె ముందు విధేయత చూపింది, అందులోని మర్మం తర్వాత తెలిసింది. ఆయన జాతి చేసినదంతా దీనికి తలక్రిందులు.

యువకుడిగా ఉన్నప్పుడు ఆయన చేతి దెబ్బకు ఒక ఈజిప్టువాడు చనిపోయాడు. ఆయన తౌబా చేసుకుని మద్యన్‌కు వెళ్ళిపోయారు. అక్కడ బావి దగ్గర కాపరుల గుంపు, వెనుక తమ గొర్రెలను ఆపుకుంటూ నిలబడిన ఇద్దరు అమ్మాయిలు. మూసా (అ) వారికి నీళ్ళు తోడిపెట్టి, నీడకు జరిగి, తన అక్కరను ప్రభువుకు చెప్పుకున్నారు. ఆ ఇంటి అల్లుడై ఎనిమిదేళ్ళు, ఇష్టమైతే పదేళ్ళు పనిచేసే ఒప్పందానికి ఒప్పుకున్నారు. తిరుగు ప్రయాణంలో తూర్ కొండ వద్ద ప్రవక్త పదవి లభించింది. ఆపైన సోదరుడు హారూన్ (అ)తో కలిసి ఫిరౌన్ దర్బారుకు వెళ్ళడం, మాంత్రికులు విశ్వసించడం, సముద్రం చీలడం పిల్లలకు కూడా తెలిసిన సంగతులే. ముహర్రం పదో తేదీ ఉపవాసం ఈ విమోచనకు కృతజ్ఞతగానే మొదలైంది. మన అనంతపురం పల్లెల్లో ఆ రోజంటే పీర్ల పండుగే గుర్తుంది గానీ, ఈ ఉపవాసం చాలామందికి గుర్తు లేదు.

సముద్రం దాటారో లేదో, ఒకచోట విగ్రహాలను చూసి తమకూ అలాంటి దేవుణ్ణి చేసిపెట్టమన్నారు. మూసా (అ) నలభై రాత్రుల కోసం తూర్‌కు వెళ్ళి వచ్చేలోగా సామిరీ చేసిన ఆవుదూడ ముందు కూర్చున్నారు.

ఎడారిలో దాహం వేసింది. మూసా (అ) నీటి కోసం దుఆ చేశారు. బఖరా సూరాలో ఇక్కడ వచ్చిన పదం, మనం వానల కోసం చేసే ఇస్తిస్ఖా నమాజు పేరు, రెండూ ఒకే మాట నుంచి వచ్చాయి. కర్రతో రాతిని కొట్టమని ఆజ్ఞ అయింది. పన్నెండు ఊటలు పొంగాయి, పన్నెండు తెగలకు ఎవరి ఊట వారికే. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో బతికే మనకు ఆ దృశ్యం విలువ వేరే చెప్పాలా? ఆకాశం నుంచి మన్న్, సల్వా దిగుతుంటే వారు ఉల్లి, వెల్లుల్లి, పప్పు, దోసకాయలు కావాలన్నారు. నీళ్ళు దొరికినా విధేయత రాలేదు.

ఒక ఆవును జబహ్ చేయమంటే ఎటువంటిది, ఏ రంగుది అని అడుగుతూ పోయారు. ఏదో ఒక ఆవుతో తీరిపోయే పనిని తామే కష్టం చేసుకున్నారు. ఈ బేరాలు మనలో లేవా? వాన రాకపోతే ఇస్తిస్ఖా నమాజుకు మైదానం నిండుతుంది, చాలా మంచిదే. వేరుశనగ ఇంటికి చేరాక ఉష్ర్ మాట ఎత్తేవారు ఎందరు? వర్షాధారమైతే పదో వంతు, బోరు నీళ్ళు తోడి పండిస్తే ఇరవయ్యో వంతు. అక్కచెల్లెళ్ళకు భూమిలో వాటా ఇవ్వమంటే పెళ్ళికి చేసిన ఖర్చు లెక్క చెబుతాం. ఆజ్ఞ స్పష్టంగానే ఉంది, ప్రశ్నలే మనవి.

చివరికి పవిత్ర భూమిలో ప్రవేశించమంటే, అక్కడ బలవంతులున్నారని, నువ్వూ నీ ప్రభువూ వెళ్ళి పోరాడండని కూర్చుండిపోయారు. దైవభీతి గల ఇద్దరు మాత్రమే ముందుకు రమ్మన్నారు. మూసా (అ) తనపైనా, తన సోదరునిపైనా తప్ప తనకు అధికారం లేదని ప్రభువుకు మొరపెట్టుకున్నారు. ఆ భూమి వారికి నలభై ఏళ్ళు నిషిద్ధమైంది. శతాబ్దాల తర్వాత బద్ర్ యుద్ధ సమయాన హజ్రత్ మిఖ్దాద్ (రజి) దైవప్రవక్త ముహమ్మద్ (స) ఎదుట నిలబడి, మూసా జాతివారు చెప్పినట్టు తాము చెప్పబోమని, ఆయనకు కుడి, ఎడమ, ముందు, వెనుక నిలిచి పోరాడతామని అన్నారు. దైవప్రవక్త (స) ముఖం సంతోషంతో వెలిగింది.

మూసా (అ) ఆ భూమిలో అడుగుపెట్టలేదు. మరణ సమయాన, రాయి విసిరితే పడేంత దగ్గరకైనా తనను చేర్చమని అల్లాహ్‌ను వేడుకున్నారు. దారి పక్కన ఎర్రని ఇసుక దిబ్బ దగ్గర ఆయన సమాధి ఉందని హదీసు తెలుపుతోంది. ఆ తర్వాత కొత్త తరాన్ని వెంటబెట్టుకుని హజ్రత్ యూషా (అ) లోపలికి నడిచారు.