61 ఏళ్లకూ ప్యాడ్లు కట్టిన సి.కె.



మన నాదర్‌గుల్ క్యాంపస్ స్పోర్ట్స్ డే రోజు పేరెంట్స్ రన్నింగ్ రేస్‌కి మైకులో పిలిస్తే ముందుకొచ్చింది ఏడుగురే. మిగతావాళ్లని బతిమాలితే మోకాళ్లు, నడుము, వయసు అంటూ తలా ఒక కారణం చెప్పారు. వాళ్లలో నలభై నిండని నాన్నలే ఎక్కువ. పరిగెత్తిన ఏడుగురిలో ఒకాయన మోకాలికి క్యాప్ వేసుకుని వచ్చారు. యాభై దాటాక అల్ట్రా మారథాన్లు మొదలుపెట్టారట. మారథాన్ అంటే 42.195 కిలోమీటర్లు, దాన్ని దాటి ఎంత దూరం పరిగెత్తినా అల్ట్రానే. పాపం, మన వంద మీటర్ల రేసులో ఆయన చివరి నుంచి రెండో స్థానంలో వచ్చారు. ఆయన వేడెక్కేలోపే రేసు అయిపోయిందని మా పీఈటీ సార్ నవ్వారు.

ఇక నా సంగతి. నాకు ఇంకా ముప్పై రాలేదు. స్టాఫ్ రేసులో చీలమండ మడతపడి రెండు వారాలు కుంటుకుంటూ క్లాసులు చెప్పాను. ఆ రెండు వారాల్లోనే సి.కె. నాయుడు గారి జీవితం గురించి చదివాను. పేరు మీరూ వినే ఉంటారు. భారత టెస్ట్ జట్టుకి మొదటి కెప్టెన్, మన తెలుగువారు. క్విజ్‌లో వచ్చే ఆ ఒక్క ముక్క తప్ప నాకూ అంతకుముందు ఏమీ తెలియదు.

పూర్తి పేరు కొఠారి కనకయ్య నాయుడు. నాగపూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబంలో 1895 అక్టోబర్ 31న పుట్టారు. 1916లో బొంబాయిలో హిందూస్ జట్టు తరఫున యూరోపియన్ల మీద మొదటి ఫస్ట్‌క్లాస్ మ్యాచ్ ఆడారు. జట్టు ఏడు వికెట్లు పోగొట్టుకున్నాక క్రీజులోకి వచ్చి, మూడు బంతులు బుద్ధిగా ఆపి, నాలుగోది సిక్సర్ కొట్టారు. 1923లో ఇండోర్ హోల్కర్ మహారాజు పిలిచి తన సైన్యంలో కెప్టెన్ హోదా ఇచ్చారు. అలా నాగపూర్ కుర్రాడు ఇండోర్ మనిషి అయ్యారు, తర్వాత కల్నల్ కూడా అయ్యారు.

1926లో ఆర్థర్ గిల్లిగన్ నాయకత్వంలో ఇంగ్లండ్ నుంచి ఎం.సి.సి. జట్టు వచ్చింది. బొంబాయి జింఖానాలో హిందూస్ మీద వాళ్ల బ్యాట్స్‌మన్ గై ఎర్ల్ 8 సిక్సర్లు కొట్టాడు. దానికి జవాబుగా సి.కె. రెండు గంటల లోపే 153 పరుగులు చేశారు. అందులో సిక్సర్లు 11. ఆ రోజుల్లో అది ప్రపంచ రికార్డు. ఎం.సి.సి. వాళ్లు ఆయనకి వెండి బ్యాట్ బహూకరించారు. మనవాళ్లు టెస్ట్ క్రికెట్ ఆడగలరన్న నమ్మకం ఇంగ్లిష్‌వాళ్లకి కుదరడంలో ఆ ఇన్నింగ్స్ పాత్ర పెద్దది. మన ఊరికీ ఆయన కొత్తవారు కాదు. సికింద్రాబాద్‌లో మొయిన్-ఉద్-దౌలా గోల్డ్ కప్ ఆడారు.

1932 జూన్ 25న లార్డ్స్‌లో మన దేశం మొదటి టెస్ట్ ఆడింది. టూర్ కెప్టెన్ పోర్‌బందర్ మహారాజు తన ఆట సంగతి తనకు తెలుసు కాబట్టి తప్పుకున్నారు. కెప్టెన్సీ సి.కె.కి వచ్చింది. అప్పటికి ఆయనకి 36 ఏళ్లు. ఈ రోజుల్లో అయితే రిటైర్మెంట్ ప్రెస్‌మీట్ పెట్టే వయసు. ఆ మ్యాచ్‌లో క్యాచ్ పట్టబోయి చేతికి గట్టి దెబ్బ తగిలించుకున్నారు. ఆ చేత్తోనే బ్యాటింగ్‌కి దిగి 40 పరుగులు చేశారు. మొదటి ఇన్నింగ్స్‌లో మన జట్టులో అదే ఎక్కువ స్కోరు. మ్యాచ్ మనం 158 పరుగుల తేడాతో ఓడిపోయాం. కానీ ఆ టూర్ మొత్తంలో ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌ల్లో ఆయన 1,618 పరుగులు చేసి 65 వికెట్లు తీశారు. మరుసటి ఏడాది విజ్డెన్ ఆయన్ని ఐదుగురు ఉత్తమ క్రికెటర్లలో ఒకరిగా ఎంచింది.

1936 టూర్ అంత ముచ్చటైనది కాదు. కెప్టెన్సీ విజయనగరం మహారాజకుమార్ చేతికి వెళ్లింది. జట్టులో ఆట కంటే రాజకీయమే ఎక్కువ నడిచింది. నలభై ఏళ్ల సి.కె. మామూలు ఆటగాడిగా ఆడారు. ఓవల్ టెస్టులో గబ్బీ అలెన్ వేసిన బంతి ఒంటికి బలంగా తగిలింది. కింద పడి లేచి, 81 చేశాకే అవుటయ్యారు. ఆయన చివరి టెస్ట్ ఇన్నింగ్స్ అదే. మొత్తం 7 టెస్టులు, 350 పరుగులు. లెక్క చూస్తే ఇంతేనా అనిపిస్తుంది.

నన్ను ఆశ్చర్యపరిచిన భాగం మొదలయ్యేది అక్కడి నుంచే. టెస్టులు ముగిసిన మనిషి ఆటలో ఇంకో 27 ఏళ్లు ఉన్నారు.

హోల్కర్ జట్టు కెప్టెన్‌గా తొమ్మిది సీజన్లలో ఎనిమిదిసార్లు రంజీ ఫైనల్‌కి తీసుకెళ్లారు, నాలుగుసార్లు గెలిపించారు. ఆ రోజుల్లో ఫైనల్ అంటే ఫలితం తేలేదాకా ఆట. 1944-45లో బొంబాయితో జరిగిన ఫైనల్లో రెండు జట్లూ కలిపి 2,078 పరుగులు చేశాయి. సి.కె. తమ్ముడు సి.ఎస్. నాయుడు ఆ ఒక్క మ్యాచ్‌లో 917 బంతులు వేశారు. అంటే 152 ఓవర్ల పైన. క్రికెట్‌లో అల్ట్రా మారథాన్ అనేది ఉంటే అది ఇదేనేమో. 49 ఏళ్ల అన్నగారు ఆ ఎండలో ఫీల్డింగ్‌లో నిలబడే ఉన్నారు. మరుసటి సీజన్‌లో, 50 ఏళ్ల వయసులో, బరోడా మీద 200 కొట్టారు. ఆయన ఫస్ట్‌క్లాస్ జీవితంలో అత్యధిక స్కోరు అదే. ముప్పైలో కాదు, యాభైలో!

క్రమశిక్షణ మాత్రం సైన్యం లెక్కనే. చిన్న దెబ్బ తగిలిందని మైదానం వదిలి వెళ్తానంటే కుర్రాళ్లని ఊరుకునేవారు కాదు. తన విషయంలోనూ అంతే. 1951-52 రంజీ ఫైనల్లో, 56 ఏళ్ల వయసులో, దత్తు ఫడ్కర్ బౌన్సర్ మూతికి తగిలి ముందు పళ్లు రెండు ఊడిపోయాయి. పిచ్ మీద పడ్డ పళ్లని పక్కకి తోసేసి, వైద్యం వద్దని చెప్పి, ఆ పెద్దాయన మీద జాలితో ఫడ్కర్ వేగం తగ్గిస్తే అలా తగ్గించొద్దని కబురు పెట్టారు. హెల్మెట్లు వచ్చింది ఆ తర్వాత పాతికేళ్లకి.

ఈ పళ్ల కథ చెప్పగానే మా సిక్స్త్ క్లాస్ పిల్లలు చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం కొంచెం భయం వేసింది. మీ బాబుకో పాపకో మూతికి బంతి తగిలితే మేము తోసేసి ఆడమనం, ముందు సిక్ రూమ్, తర్వాత మీకు ఫోన్. దెబ్బని లెక్కచేయకపోవడం నాకు అంత గొప్పగా అనిపించలేదు. 56లో కూడా ఫడ్కర్ లాంటి ఫాస్ట్ బౌలర్ ముందు నిలబడే కన్నూ కాళ్లూ ఉండడం గొప్పగా అనిపించింది. అవి ఒక్క రోజులో వచ్చేవి కావు. నలభైలోనూ యాభైలోనూ సీజన్ తప్పకుండా ఆడితే మిగిలినవి.

1953-54లో ఆంధ్ర జట్టు మొదటిసారి రంజీలో అడుగుపెట్టినప్పుడు దానికి కెప్టెన్ ఎవరనుకున్నారు? 58 ఏళ్ల సి.కె. గారే. 1956లో పద్మభూషణ్ వచ్చింది. ఒక క్రికెటర్‌కి ఆ గౌరవం దక్కడం అదే మొదలు. 1956-57లో, 61 ఏళ్ల వయసులో, ఉత్తరప్రదేశ్ కెప్టెన్‌గా రాజస్థాన్ మీద 84 చేశారు. వినూ మన్కడ్ బౌలింగ్‌లో రెండు సిక్సర్లు కొట్టారు. రంజీలో ఆఖరి ఇన్నింగ్స్‌లో 52. అక్కడితో ఆపారా అంటే లేదు. 1963-64లో నాగపూర్‌లో ఒక సహాయ నిధి మ్యాచ్ కోసం 68 ఏళ్ల వయసులో మళ్లీ ప్యాడ్లు కట్టారు. పుట్టిన ఊళ్లోనే ఆఖరి మ్యాచ్. మొదటి మ్యాచ్‌కీ దానికీ మధ్య 47 ఏళ్లు.

1967 నవంబర్ 14న ఇండోర్‌లో కన్నుమూశారు. కూతురు చంద్ర నాయుడు తర్వాత క్రికెట్ కామెంటేటర్ అయ్యారు. ఆడవాళ్లు ఆ మైకు దగ్గరికి వెళ్లడమే వింతగా చూసే రోజుల్లో ఆ పని చేశారు, తండ్రి జీవితం మీద పుస్తకం కూడా రాశారు.

ఆయన పేరు మీద బి.సి.సి.ఐ. ఒక ట్రోఫీ నడుపుతోంది. అందులో ఆడాలంటే 23 ఏళ్లు దాటకూడదట. అది చదివినప్పుడు చీలమండ నొప్పిలో కూడా నాకు నవ్వొచ్చింది.