శ్రీనివాస రామానుజన్ మహాశయుని చరిత్రము

బుద్ధిమంతుడైన బాలునకు వేరొకరి సాయ మక్కరలేదనియు, వాడు తన దారి తానే వెదకికొనుననియు లోకమున నొక నమ్మకము కలదు. ఆ నమ్మక మెంత పొరపాటో శ్రీనివాస రామానుజన్ జీవితమును చదివినవారికి తెలియగలదు. గణితశాస్త్రమున ప్రపంచమంతట కీర్తి గాంచిన ఆ మహనీయుడు యౌవనారంభమున కళాశాలలలో నిలువలేక, ఉద్యోగము దొరకక, అన్నవస్త్రములకై యిబ్బంది పడుచు తిరిగెను. ఆయనను నిలువబెట్టినవి రెండు: ఒకటి గ్రంథాలయమునుండి చేతికి వచ్చిన పుస్తకము, రెండవది ఆయన పక్షమున నోరు విప్పిన కొందరు పెద్దల మాట.

రామానుజన్ 1887 వ సంవత్సరము డిసెంబరు 22 వ తేదీన ఈరోడు పట్టణమున మాతామహుల యింట జన్మించెను. తండ్రి శ్రీనివాస అయ్యంగారు కుంభకోణమున నొక బట్టల వర్తకుని యంగడిలో గుమాస్తా. జీతము స్వల్పము. తల్లి కోమలతమ్మాళ్ దేవాలయమున భజన కీర్తనలు పాడుచుండెడిది. సంసారము గడచుటకై కళాశాల విద్యార్థుల నింట నుంచుకొని భోజనము పెట్టుచుండిరి. ఈ యేర్పాటే బాలునకు తొలి విద్యాలాభ మయ్యెను.

1897 నవంబరులో జరిగిన ప్రాథమిక పరీక్షలో రామానుజన్ తంజావూరు జిల్లాలో ప్రథముడుగా నుత్తీర్ణుడై, మరుసటి జనవరిలో కుంభకోణపు టౌన్ హైస్కూలున చేరెను. ఇంటనున్న విద్యార్థులకు వచ్చిన గణితమంతయు కొలది కాలముననే గ్రహించెను. అంతట వారు లోనీ దొర రచించిన త్రికోణమితి గ్రంథమును తెచ్చి యిచ్చిరి. పదుమూడవ యేటికే దానిని సాధించెను. 1,200 మంది విద్యార్థులకును 35 మంది ఉపాధ్యాయులకును తరగతులు సర్దు పట్టికను తయారుచేయుపనిలో గణితోపాధ్యాయుడు ఈ బాలుని సాయము తీసికొనుచుండెను. 1904 లో గణిత బహుమానమును ప్రదానము చేయు సభలో ప్రధానోపాధ్యాయులు కృష్ణస్వామి అయ్యరుగారు, పరీక్షలో నిచ్చు పూర్తి మార్కులకంటెను ఎక్కువ మార్కులకు ఈ బాలుడు తగినవాడని చెప్పిరి.

అంతకు ముందు సంవత్సరమే, అనగా 1903 లో, ఒక మిత్రుని మూలమున రామానుజన్ చేతికి గ్రంథాలయపు పుస్తకమొకటి వచ్చెను. అది ఇంగ్లండులో విద్యార్థులను పరీక్షలకు సిద్ధపరచు కార్ అను నుపాధ్యాయుడు కూర్చిన గణితసూత్రముల సంగ్రహము. అందు దాదాపు 5,000 సూత్రములు వరుసగా నుండును. ఉపపత్తులు మాత్రము మిక్కిలి తక్కువ. సామాన్య విద్యార్థి రెండు పుటలు త్రిప్పి విసుగుతో మూసివేయదగిన పుస్తకమది. రామానుజన్ కాలోపమే వరమయ్యెను. ఉపపత్తి లేని ప్రతి సూత్రమును తానే సాధించుచు, ఒకదానినుండి మరియొకటి కల్పించుచు, గ్రంథకర్త యెరుగని చోటులకు పోయెను. ఆ పుస్తకమును కొని బీరువాలో నుంచినవారికి అది యెవరి చేతిలో పడి యేమి చేయునో తెలిసియుండదు. గ్రంథాలయముల పుణ్యమిట్టిది.

1904 లో రామానుజన్ కుంభకోణపు ప్రభుత్వ కళాశాలలో ఎఫ్.ఏ. తరగతిలో చేరెను. విద్యార్థివేతనము కూడ లభించెను. కాని యే పాఠము జరుగుచున్నను ఆయన మనస్సు గణితము మీదనే యుండెను. ఇంగ్లీషు వ్యాసరచనలో తప్పుట చేత వేతనము పోయెను. తల్లి స్వయముగా కళాశాలాధిపతి యొద్దకు పోయి, తన కుమారుని ప్రతిభను విన్నవించి, వేతనమును నిలుపుమని వేడుకొనెను. కుమారుని పక్షమున వాదించినవారిలో ఆమెయే ప్రథమురాలని చెప్పవలెను. నిబంధన అడ్డువచ్చెను, ఫలము లేకపోయెను. 1905 లో రామానుజన్ ఎవరికిని చెప్పక యిల్లు విడిచి విశాఖపట్టణమునకు వెళ్లిపోయెను. తల్లిదండ్రులు దిగులుపడి హిందూ పత్రికలో ప్రకటన వేయించిరి.

పిమ్మట చెన్నపట్టణమున పచ్చయప్ప కళాశాలలో చేరెను. అచ్చట గణితాచార్యులు ఆయనను మెచ్చుకొనిరి. కాని శరీరశాస్త్రము గండమయ్యెను. 1906 లోను, 1907 లోను ఎఫ్.ఏ. పరీక్ష తప్పెను. దానితో కళాశాల విద్య ముగిసెను.

పరీక్షకులు చేసినది అన్యాయమని చెప్పుటకు వీలులేదు. అందరికిని ఒక్క కొలత యుండవలెననుట వ్యవహారమునకు అవసరమే. కాని భూమి విస్తీర్ణమును గొలుసుతో కొలిచినట్లు నూతిలోని జలమును కొలువజాలము. రామానుజన్ విషయమున లోపించినది నిబంధన కాదు; నిబంధనకు వెలుపల నొక మార్గమును చూపగల మనుష్యుడు లోపించెను. ఆ దినములలో కాగితము కొనుటకు ధనము చాలక, పలకపై లెక్కవేసి, మోచేతితో తుడిచి, ఫలితములను మాత్రము నోటుపుస్తకములలో వ్రాసికొనుచుండెను. ఐరోపాలో పూర్వులు కనుగొన్న సిద్ధాంతములనే, అవి యున్నవని యెరుగక, ఎంతో శ్రమపడి మరల కనుగొనుచుండెను. ఇది ముందే తెలిసినది, ఇటు పొమ్మని చెప్పువాడొక్కడును లేకపోయెను.

1909 లో జానకితో వివాహమయ్యెను. సంసారభారము మీద పడగా, నోటుపుస్తకములు చేతబట్టుకొని ఉద్యోగమునకై బయలుదేరెను. భారతీయ గణితసంఘ స్థాపకులును, డిప్యూటీ కలెక్టరును అయిన వి. రామస్వామి అయ్యరుగారిని దర్శించి, రెవిన్యూ శాఖలో చిన్న గుమాస్తా పని యిప్పింపుమని కోరెను. అయ్యరుగారు ఆ పుస్తకములను చూచి, ఇట్టి ప్రతిభను క్రింది తరగతి కొలువులో పూడ్చివేయుటకు మనసొప్పక, ఉత్తరములు వ్రాసి యిచ్చి చెన్నపట్టణమునకు పంపిరి. అడిగిన దానము చేయువారు పెక్కురు; అడిగినదానికంటె మేలైనదానిని తలచువారు కొందరే.

అటనుండి రామానుజన్ మన నెల్లూరికి వచ్చెను. 1910 డిసెంబరులో నెల్లూరు కలెక్టరుగా నుండిన దివాన్ బహద్దూర్ ఆర్. రామచంద్రరావుగారు గణితమున అభిరుచిగలవారు. చినిగిన నోటుపుస్తకమును చంక నిడుకొని, క్షౌరమైనను లేక వచ్చిన యువకుని చూచి, మొదట వారికి నమ్మకము కలుగలేదు. ఆ పుస్తకములోని విషయములు వారికే యర్థము కాలేదు. అయినను పొమ్మనలేదు, మరల రమ్మనిరి. రామానుజన్ సులభమైనవానితో మొదలిడి మెట్టుమెట్టుగా విప్పి చెప్పగా, ఆయన యసాధారణుడని గ్రహించిరి. ఏమి కావలెనని యడుగగా, కూడు దొరకి తన పని సాగినచో చాలునని రామానుజన్ తెలిపెను. రామచంద్రరావుగారు తమ సొంత ధనమునుండి నెలకు 25 రూపాయలు పంపుచుండిరి. తెలియనిదానిని తెలియదని యొప్పుకొని, తెలిసికొనువరకు ఓపికపట్టుట గొప్ప గుణము. ఆ ఓపికయే రామానుజన్‌ను కాపాడెను.

ఒకరి దయమీద బ్రతుకుట రామానుజన్‌కు రుచింపలేదు. 1912 మార్చిలో మద్రాసు పోర్టు ట్రస్టు లెక్కల శాఖలో నెలకు 30 రూపాయల జీతముపై గుమాస్తాగా చేరెను. అదియును అదృష్టమే. అచ్చటి మేనేజరు ఎస్. నారాయణ అయ్యరుగారు స్వయముగా గణితజ్ఞులు. రాత్రివేళల వారింట ఇరువురును పలకలు పట్టుకొని లెక్కలు చేయుచుండిరి. అధ్యక్షుడగు సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగ్ దొరకు వారు రామానుజన్ ప్రతిభను తెలియజేసిరి.

పెద్దల ప్రోత్సాహముతో రామానుజన్ 1913 జనవరిలో కేంబ్రిడ్జి ఆచార్యుడు హార్డీకి తన సిద్ధాంతములను వ్రాసి పంపెను. హార్డీయు, ఆయన మిత్రుడు లిటిల్‌వుడ్డును వానిని పరిశీలించి, వ్రాసినవాడు మహాగణితజ్ఞుడని నిశ్చయించిరి. ఫిబ్రవరిలో వాతావరణ శాఖాధిపతి గిల్బర్టు వాకర్ చెన్నపట్టణమునకు రాగా, స్ప్రింగ్ దొర రామానుజన్ పని నాయనకు చూపెను. వాకర్ విశ్వవిద్యాలయమునకు లేఖ వ్రాసెను. పట్టము లేనివానికి పరిశోధక వేతన మిచ్చుటకు నియమములలో చోటులేదు. అయినను పరిశోధనను పెంపొందించుటయు విశ్వవిద్యాలయ శాసనమున చెప్పిన ధర్మమే యను వాదముపై దారి యేర్పడెను. 1913 మే నుండి నెలకు 75 రూపాయలు లభించెను. రెండుమార్లు ఎఫ్.ఏ. తప్పినవాడు విశ్వవిద్యాలయపు పరిశోధకుడయ్యెను. నియమమును త్రోసివేయలేదు, నియమముయొక్క మూలప్రయోజనమును వెదకిరి.

1914 లో నెవిల్ అను కేంబ్రిడ్జి పండితుడు చెన్నపట్టణమునకు వచ్చి ఆయన ప్రయాణమునకు తోడ్పడెను. సంవత్సరమునకు 250 పౌనుల వేతనము మంజూరయ్యెను. సముద్రయానమునకు ఆచారము అడ్డుగా నుండగా, స్వప్నమున నామగిరిదేవి యాజ్ఞ కలిగినదని తల్లి సమ్మతించెనని చెప్పుదురు. మార్చి 17 వ తేదీన రామానుజన్ ఓడ యెక్కెను.

హార్డీ బోధించిన విధము ఉపాధ్యాయులందరును గమనింపదగినది. రామానుజన్‌కు ఆధునిక గణితమున తెలియనివి పెక్కు కలవు. అవన్నియు మొదటినుండి వల్లెవేయించినచో ఆయన యాత్మవిశ్వాసము చెడి, ఊహాశక్తి యెండిపోవునని హార్డీ భయపడెను. కావున అవసరమైన దానిని మాత్రము నేర్పుచు, తాను కూడ ఆయనవలన నేర్చుకొనెను. ఈ కృషికి ఫలముగా 1916 లో పరిశోధనచేత బి.ఏ. పట్టమును, 1918 లో రాయల్ సొసైటీ సభ్యత్వమును, ట్రినిటీ కళాశాల ఫెలోషిప్పును లభించెను. ట్రినిటీలో ఫెలో అయిన తొలి భారతీయు డాయనయే.

కాని 1917 నుండి ఆరోగ్యము చెడెను. 1919 మార్చిలో స్వదేశమునకు వచ్చెను. పడకమీదనుండియు పలక విడువలేదు. 1920 ఏప్రిల్ 26 వ తేదీన, 32 సంవత్సరముల వయస్సున, చెన్నపట్టణమున కీర్తిశేషుడయ్యెను. ఆయన తుది కాలపు కాగితములు వందకు పైగా పుటలు ట్రినిటీ కళాశాల గ్రంథాలయములో నొక పెట్టెలో నుండగా, 1976 లో ఆండ్రూస్ అను అమెరికా గణితజ్ఞుడు వానిని కనుగొనెను. గ్రంథాలయపు పుస్తకముతో మొదలైన చరిత్ర గ్రంథాలయముననే మరల వెలుగు చూచెను.

రామానుజన్ అల్పాయుష్కుడగుటకంటె, యౌవనారంభమున కొన్ని సంవత్సరముల కాలము మార్గదర్శకుడు లేక చెడిపోవుటయే అసలైన విషాదమని హార్డీ భావించెను. ఆ దినములను రామానుజన్ కూడ మరువలేదు. 1919 జనవరిలో ఇంగ్లండునుండి మద్రాసు విశ్వవిద్యాలయమునకు వ్రాసిన లేఖలో, తనకు నిర్ణయించిన సాలుకు 250 పౌనులు తనకు హెచ్చని తెలిపెను. తల్లిదండ్రులకు సాలుకు 50 పౌనులిచ్చి, తన ఖర్చులు పోగా మిగిలిన దానిని బీదబాలురకును అనాథలకును బడిజీతములు తగ్గించుటకు, పాఠశాలలకు పుస్తకములు కొనుటకు వినియోగింపుమని కోరెను. వ్యాధితో నున్నవాడు, ఇంటికి తిరిగి రాబోవువాడు, తలచుకొన్నది బీదపిల్లల పుస్తకములను.

ప్రతి గ్రామమునను రామానుజన్ జన్మింపకపోవచ్చును. కాని తోడివారికంటె త్వరగా గ్రహించు పిల్లలు ప్రతి తరమునను కలరు. అట్టి పిల్లకుగాని పిల్లవానికిగాని వయస్సునకు మించిన పుస్తకమైనను అడిగినచో ఇవ్వవలెను. ఒక విషయమున తప్పినంతమాత్రమున పనికిరాడని యెంచరాదు. పెద్దల యెదుట వాని పక్షమున నొకమాట చెప్పవలెను. ఇరువదియైదు రూపాయల మనియార్డరుతో నెల్లూరు కలెక్టరుగారు చేసిన మేలు లోకమున నిలిచినది. బీరువాలోని యొక పుస్తకమును తగిన చేతికందించుట అంతకంటె తక్కువ ఖర్చుతో నగు పని.